‘విచ్ రోడ్’లో విచ్, ‘గ్లాడ్ దట్’లో గ్లాడ్: రెండూ విశేషణాలే అయితే ఉపవాక్యాన్ని తెచ్చేది ఏది?

బురుజు_నీడ (కర్నూలు) · సాయంత్రం 6:40

పదో తరగతికి క్లాజులు (ఉపవాక్యాలు) చెప్పేవాళ్ళు ఒకసారి ఈ రెండు వాక్యాలు చూడండి.

ఐ డోంట్ నో విచ్ రోడ్ గోస్ టు నంద్యాల్.
ఐ యామ్ గ్లాడ్ దట్ యూ కేమ్.

మొదటిదాంట్లో ఉపవాక్యాన్ని మొదలుపెట్టే మాట ‘విచ్’ అనీ, అది విశేషణమనీ గైడులో ఉంది. వాక్యాలను కలపాల్సింది కంజంక్షన్ కదా, విశేషణం ఎట్ల కలుపుతాది? సరే, కలుపుతాదే అనుకుందాం. అట్లయితే రెండో వాక్యంలో ‘గ్లాడ్’ కూడా విశేషణమే, దాని వెనకాలే క్లాజు ఉంది. అదీ క్లాజును తెచ్చినట్టేనా? రెంటికీ ఒకే సూత్రం చెప్పొచ్చా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) · 6:58

చెప్పొచ్చు సార్. విశేషణం ముందు, క్లాజు వెనక. అంతే. పరీక్షలో గీత గీయడానికి ఇంతకంటే లోతుకు పోతే పిల్లోళ్ళు తికమకపడతారు.

గుత్తికోట_మెట్లు (అనంతపురం) · 7:20

లేదన్నా, గీత గీయడానికే ఆ సూత్రం పనికిరాదు. గీసి చూడు.

ఐ డోంట్ నో / విచ్ రోడ్ గోస్ టు నంద్యాల్.
ఐ యామ్ గ్లాడ్ / దట్ యూ కేమ్.

మొదటిదాంట్లో గీత విచ్‌కు ముందర పడింది. అంటే విచ్ ఉపవాక్యం లోపలి మనిషి. రెండోదాంట్లో గీత గ్లాడ్ దాటినాక పడింది. గ్లాడ్ ప్రధాన వాక్యంలోనే ఉండిపోయింది, గడప దాటి లోపలికి రాలేదు. అక్కడ క్లాజును మొదలుపెట్టింది దట్. గ్లాడ్ చేసిందల్లా తన వెనక ఒక క్లాజు కూర్చోవడానికి చోటివ్వడం. ఆ చోటు అన్ని విశేషణాలూ ఇవ్వవు. గ్లాడ్ తీసేసి టాల్ పెట్టి చదువు: ‘ఐ యామ్ టాల్ దట్ యూ కేమ్’. నిలబడదు.

ఇంకో పరీక్ష, ఆ మాటను తీసేసి చూడటం. దట్ తీసేస్తే ‘ఐ యామ్ గ్లాడ్ యూ కేమ్’, వాక్యానికి ఏమీ కాలేదు. దట్ ఉత్త కొక్కెం, దానికి సొంత అర్థం లేదు. విచ్ తీసేస్తే ‘ఐ డోంట్ నో రోడ్ గోస్ టు నంద్యాల్’, కూలిపోయింది. ఎందుకంటే విచ్ కొక్కెమూ అవుతాది, రోడ్ అనే నామవాచకాన్ని పట్టుకున్న విశేషణమూ అవుతాది. ఒకే మాటకు రెండు కూలీలు.

కాబట్టి బురుజు సార్‌కు నా జవాబు: వేరువేరు. ఒకటి క్లాజును తెచ్చే విశేషణం, ఇంకొకటి క్లాజును అడిగే విశేషణం.

పెన్నా_గట్టు (కడప) · 7:51

గుత్తికోట చెప్పింది సరిగ్గా ఉంది. దాన్ని తెలుగు వైపు నుంచి చూపిస్తే పిల్లలకు ఇంకా తొందరగా ఎక్కుతుంది.

మన దగ్గర ఎట్లంటారు? ‘యా దోవ నంద్యాలకు పోతాదో తెలీదు.’ ఇందులో ‘యా’ దోవకు విశేషణం. కానీ వాక్యాన్ని ‘తెలీదు’తో కలిపింది ‘యా’ కాదు, ‘పోతాదో’ చివర ఉన్న ‘ఓ’. ఆ ఓ తీసేస్తే ‘యా దోవ నంద్యాలకు పోతాది?’ అని నేరుగా ప్రశ్న అయిపోతుంది. అంటే తెలుగులో విశేషణం పని ముందు ఒకరు, కలిపే పని చివర ఇంకొకరు చేస్తున్నారు.

ఇంగ్లీషుకు ఆ ఓ లేదు. కలిపే పని కూడా విచ్ నెత్తినే పడింది. మరి ఇది విడి ప్రశ్న కాదు, ఉపవాక్యం అని వినేవాడికి తెలిసేది ఎట్ల? మాటల వరసను బట్టి. మన ‘ఓ’ చేసే పనిని అక్కడ వరస చేస్తుంది. ‘ఐ డోంట్ నో వాట్ టైమ్ డజ్ ద బస్ లీవ్’ అని పిల్లలు రాసేది ఇక్కడే. ప్రశ్న వరసను అట్లే ఎత్తి లోపల పెట్టేస్తారు. తెలుగులో చెప్పాలంటే ‘బస్సు ఎన్ని గంటలకు పోతాది తెలీదు’ అన్నట్టుంటుంది, ఓ మింగేసి.

దిద్దే పద్ధతి ఇది. ముందు విడి ప్రశ్న రాయించండి: వాట్ టైమ్ డజ్ ద బస్ లీవ్? అందులో డజ్ కొట్టేయించండి. కొట్టేసిన డజ్‌లో ఉన్న ‘ఎస్’ ఊరికే పోకూడదు, క్రియకు చేరాలి: లీవ్ కాస్తా లీవ్స్. అప్పుడు ‘ఐ డోంట్ నో వాట్ టైమ్ ద బస్ లీవ్స్’. డిడ్ ఉంటే డిడ్‌లోని భూతకాలం క్రియకు పోతుంది. ‘విచ్ బుక్ డిడ్ హి టేక్?’ లోపలికి వస్తే ‘విచ్ బుక్ హి టుక్’. ఈజ్, వాజ్, కెన్, విల్ ఉంటే కొట్టేయక్కర్లేదు, వాటిని కర్త తర్వాతకు జరపాలి. ‘హూజ్ బైక్ ఈజ్ ఇట్?’ అన్నది ‘హూజ్ బైక్ ఇట్ ఈజ్’ అవుతుంది.

ఇప్పుడు గైడు ఉదాహరణ మళ్ళీ చూడండి. ‘విచ్ రోడ్ గోస్ టు నంద్యాల్’ విడిగా అడిగినా అదే వరస, లోపల పెట్టినా అదే వరస. ఎందుకంటే విచ్ రోడ్ అనేదే అక్కడ కర్త. అటువంటి వాక్యంలో తప్పు చేయడానికి అవకాశమే లేదు. మొదటి ఉదాహరణగా దాన్ని చెబితే పిల్లలు వరస మారదనే అనుకుంటారు. కర్త వేరే ఉన్న వాక్యంతో మొదలుపెట్టండి.

టవర్‌క్లాక్ (అనంతపురం) · 8:15

ప్రశ్నార్థకం గుర్తు సంగతి కూడా చెప్పండి. సగం మంది ‘ఐ డోంట్ నో’ వాక్యం చివర గుర్తు పెడతారు.

పెన్నా_గట్టు · 8:19

గుర్తును నిర్ణయించేది ప్రధాన వాక్యం. ‘ఐ డోంట్ నో’ అనేది మామూలు మాట, కాబట్టి చుక్క. ‘డూ యూ నో విచ్ బస్ హి టుక్’ అంటే ప్రధాన వాక్యమే ప్రశ్న, కాబట్టి గుర్తు. లోపలి విచ్‌తో సంబంధం లేదు.

టవర్‌క్లాక్ · 8:31

ఇంకొకటి. డీఎస్సీ బిట్లలో ‘విచ్ ఆఫ్ ద టూ రోడ్స్’ ఇచ్చి, విచ్ ఏ భాషాభాగం అని అడుగుతుంటారు. విశేషణం అని పెడితే తప్పు పడుతుంది కదా?

గుత్తికోట_మెట్లు · 8:44

తప్పే పడుతుంది. విచ్‌ను ఆనుకొని నామవాచకం ఉండాలి, అప్పుడే విశేషణం. ‘విచ్ రోడ్’ విశేషణం. ‘విచ్ ఆఫ్ ద టూ రోడ్స్’లో మధ్యన ఆఫ్ అడ్డం వచ్చింది, అక్కడ విచ్ ఒంటరిగా నిలబడి సర్వనామం అయింది. తెలుగులో ‘యా దోవ’, ‘యాది’ తేడా అదే. అనువాదంలో ‘యా’ వస్తే విశేషణం, ‘యాది’ వస్తే సర్వనామం. బిట్లకు ఈ కొలత చాలు.

హూజ్ కూడా అంతే. ‘ఐ నో హూజ్ బైక్ ఇట్ ఈజ్’లో విశేషణం, ‘ఐ నో హూజ్ ఇట్ ఈజ్’లో సర్వనామం. వాట్‌కూ ఇదే లెక్క.

హౌ మాత్రం ఈ గుంపులో చేరదు, అది క్రియావిశేషణం. కానీ దాని వల్ల జరిగే తప్పు మనకు ఇక్కడ కావాల్సిందే, ఎందుకంటే అది విశేషణాన్ని లాక్కుపోతుంది. ‘మే నెలలో కడప ఎంత వేడిగా ఉంటాదో వాళ్ళకు తెలీదు.’ దీన్ని ‘దే డోంట్ నో హౌ కడప ఈజ్ హాట్ ఇన్ మే’ అని రాస్తారు. హౌ ఒక్కటే ముందుకు రాకూడదు. తను కొలిచే హాట్‌ను చెయ్యి పట్టుకొని తేవాలి: ‘హౌ హాట్ కడప ఈజ్ ఇన్ మే’. తెలుగులో ‘ఎంత వేడిగా’ పక్కపక్కనే ఉన్నాయి, వాటిని విడదీయకుండా ముందుకు తెమ్మంటే చాలు.

హంద్రీ_ఒడ్డు · 8:50

సరే, నా సూత్రం వెనక్కి తీసుకుంటున్నా. హూజ్ గురించి ఎవరైనా వివరంగా రాయండప్పా. ‘ఎవరి’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తే, రిలేటివ్ క్లాజు వచ్చేసరికి పిల్లోళ్ళు చేతులెత్తేస్తారు.

దేవుని_కడప (కడప) · రాత్రి 9:26

హూజ్‌కు రెండు వేషాలు. ఒకటి ప్రశ్న వేషం: ‘ఎవరి బండో తెలీదు’. దాని గురించి పైన అయిపోయింది. రెండోది సంబంధ వేషం: ‘ద మ్యాన్ హూజ్ బైక్ వాజ్ స్టోలెన్’. దీనికి మామూలు తెలుగులో ‘ఎవరి’ రాదు. ‘బండి పోయిన మనిషి’ అంటాం. ‘కాలు విరిగిన కుర్చీ’, ‘కొమ్ము ఊడిన ఎద్దు’, ‘పైకప్పు కురిసే ఇల్లు’. ఎవరి కొమ్ము, దేని పైకప్పు అని చెప్పే మాట ఒక్కటీ లేదు, అయినా అర్థమైపోతుంది. మన భాషలో సంబంధం వినేవాడి ఊహకు వదిలేస్తాం, ఇంగ్లీషులో మాట పెట్టి చెప్పాలి. అందుకే పిల్లలు ‘ద చెయిర్ విచ్ లెగ్ ఈజ్ బ్రోకెన్’ అని రాసి ఆగిపోతారు. విచ్ తెలిసిన మాట, హూజ్ వాళ్ళ తలలోకే రాదు.

రెండు వాక్యాలతో మొదలుపెట్టించాలి.

దిస్ ఈజ్ ద హౌస్. ఇట్స్ రూఫ్ లీక్స్.

రెండో వాక్యంలో ఇట్స్, హిజ్, హర్, దెయిర్ లాంటి మాట వెతకాలి. అది ఉంటేనే హూజ్. అది లేకపోతే హూజ్ పెట్టకూడదు. దొరికిన మాటను తీసేసి ఆ చోట్లోనే హూజ్ పెట్టాలి: హూజ్ రూఫ్ లీక్స్. తర్వాత మొదటి వాక్యంలోని హౌస్ పక్కన అతికించాలి: దిస్ ఈజ్ ద హౌస్ హూజ్ రూఫ్ లీక్స్.

రెండో వాక్యంలో ఆ జంట చివర్లో ఉంటే జాగ్రత్త. ‘ఐ మెట్ ద ఫార్మర్. వి బాట్ హిజ్ గ్రౌండ్‌నట్స్.’ ఇక్కడ హిజ్ ఒక్కటే లేచి ముందుకు రాకూడదు, గ్రౌండ్‌నట్స్ కూడా రావాలి: ‘ద ఫార్మర్ హూజ్ గ్రౌండ్‌నట్స్ వి బాట్’. ‘ద ఫార్మర్ హూజ్ వి బాట్ గ్రౌండ్‌నట్స్’ అని రాశారంటే విశేషణాన్ని నామవాచకం నుంచి విడదీశారన్నమాట. హౌ హాట్ దగ్గర జరిగిందీ ఇదే తప్పు.

మిగతా తప్పులు చిన్నవి. ‘హూజ్ హిజ్ బైక్’ అని రెండూ పెట్టడం. ‘హూజ్ ద రూఫ్’ అని ఆర్టికల్ దూర్చడం. హూజ్ ఉన్నచోట ద, ఎ ఉండవు. ఇక స్పెల్లింగు: చివర ఎస్-ఇ ఉన్నది ‘ఎవరి’. కామా పైకెక్కి ఎస్ ఉన్నది ‘హూ ఈజ్’ లేదా ‘హూ హ్యాజ్’. చదివేటప్పుడు ఆ చోట హూ ఈజ్ లేదా హూ హ్యాజ్ అని విప్పి చదవమనండి. కుదిరితే కామా, కుదరకపోతే ఎస్-ఇ.

బురుజు_నీడ · 9:40

మేడమ్, ఇంటికి హూజ్ పెట్టొచ్చా? హూ మనుషులకే కదా. ‘ద రూఫ్ ఆఫ్ విచ్’ అనే రాయాలని కొందరు పట్టుబడతారు.

దేవుని_కడప · 9:52

నిరభ్యంతరంగా పెట్టొచ్చండీ. పాత ఇంగ్లీషులో ‘ఎవరు’కూ ‘ఏమిటి’కీ షష్ఠీ రూపం ఒకటే, హూజ్ దాని వారసురాలు. అంటే మొదటి నుంచీ వస్తువులదీ, మనుషులదీ. ‘ద హౌస్ ద రూఫ్ ఆఫ్ విచ్ లీక్స్’ తప్పు కాదు, కాకపోతే నోరు తిరగదు. ఒక్క తేడా: ప్రశ్న వేషంలో మాత్రం హూజ్ మనుషులకే. ‘హూజ్ రూఫ్ ఈజ్ లీకింగ్’ అంటే ఎవరింటి పైకప్పు అనే వస్తుంది గానీ ఏ ఇంటి పైకప్పు అని రాదు.

పెన్నా_గట్టు · 10:05

విచ్‌కు కూడా ఇలాంటి రెండో వేషం ఉంది, కాస్త పాత కాలపు కోటు తొడుక్కొని వస్తుంది. ‘హి మే మిస్ ద ట్రెయిన్, ఇన్ విచ్ కేస్ హి విల్ కమ్ టుమారో.’ ‘బై విచ్ టైమ్’, ‘ఫర్ విచ్ రీజన్’ కూడా అంతే. ఇక్కడ విచ్ వెనక నామవాచకం ఉంది కాబట్టి విశేషణమే, కానీ ప్రశ్న లేదు. ముందు చెప్పిన వాక్యం మొత్తాన్నీ ‘ఆ’ అని వేలుపెట్టి చూపిస్తుంది: ఆ పక్షంలో, ఆపాటికి, ఆ కారణంగా. తెలుగులో ‘ఆ’ పడితే ఇంగ్లీషులో ఈ విచ్. ముందు కామా తప్పనిసరి. ఆఫీసు ఉత్తరాల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది, మాటల్లో ‘ఇన్ విచ్ కేస్’ తప్ప మిగతావి తక్కువ.

వాట్ ఇంకా వింతది. ‘హి గేవ్ మి వాట్ మనీ హి హ్యాడ్.’ తన దగ్గర ఎంత డబ్బుంటే అంతా ఇచ్చాడు. అది పెద్ద మొత్తం కాదనే ధ్వని కూడా ఉంటుంది. అందుకే ‘వాట్ లిటిల్ మనీ హి హ్యాడ్’, ‘వాట్ ఫ్యూ ఫ్రెండ్స్ హి హ్యాడ్’ అని లిటిల్, ఫ్యూ చేర్చి వాడతారు. లెక్కపెట్టలేని వాటికీ బహువచనాలకీ మాత్రమే. ‘వాట్ బుక్ హి హ్యాడ్ హి గేవ్ మి’ అని ఏకవచనంతో కుదరదు.

విచెవర్, వాటెవర్ మాత్రం మనకు సులువు, ఎందుకంటే తెలుగులో అచ్చు జంట ఉంది. ‘యా బస్సెక్కినా గుత్తి మీదే పోతాది.’ ‘విచెవర్ బస్ యూ టేక్, ఇట్ గోస్ త్రూ గుత్తి.’ యా…ఇనా, విచెవర్. తప్పు జరిగేది క్రియ దగ్గర. రేపటి సంగతి కదా అని ‘విచెవర్ బస్ యూ విల్ టేక్’ అంటారు. ఇలా ‘ఏదైనా సరే’ అనే అర్థంలో విల్ పెట్టరు, మామూలు వర్తమానమే. ‘ఎక్కినా’లో మనం కూడా భవిష్యత్తు పెట్టం కదా.

టవర్‌క్లాక్ · 10:12

కొత్త పుస్తకాల్లో వీటిని విశేషణం అనకుండా ‘డిటర్మినర్’ అంటున్నారు. పిల్లలు ఏది రాయాలి?

గుత్తికోట_మెట్లు · 10:20

ప్రశ్నపత్రం ఏ మాట వాడితే అదే రాయాలి. బిగ్, రెడ్ లాంటివి ద తర్వాత వస్తాయి, విచ్, హూజ్ ద ఉండే చోట్లోనే కూర్చుంటాయి. ఆ తేడా వల్లే పేరు మార్చారు. చేసే పని మారలేదు.

బురుజు_నీడ (కర్నూలు) · మరుసటి రోజు ఉదయం 7:10

మొదటి వాక్యం సంగతి తేలింది. ఇప్పుడు రెండోది. ‘దట్ యూ కేమ్’ నౌన్ క్లాజా, అడ్వర్బ్ క్లాజా? రెండు గైడుల్లో రెండు రకాలుగా ఉంది.

హంద్రీ_ఒడ్డు · 7:25

అడ్వర్బ్ క్లాజే. ‘నువ్వు వచ్చినందుకు సంతోషం.’ సంతోషం ఎందుకు? వచ్చినందుకు. కారణం చెప్పేది అడ్వర్బ్ క్లాజు.

గుత్తికోట_మెట్లు · 7:48

తెలుగు అనువాదం పెట్టి ఇంగ్లీషు క్లాజుకు పేరు పెట్టొద్దన్నా. ‘ఐ యామ్ ష్యూర్ దట్ హి కేమ్’ తీసుకో. ‘వాడు వచ్చినాడని నాకు ఖాయంగా తెలుసు.’ ఇక్కడ కారణం ఏది? అదే తీరు వాక్యం, ఒకదానికి కారణం అని పేరు పెట్టి ఇంకోదానికి పెట్టలేకపోతే పేరులోనే ఏదో తేడా ఉంది.

క్లాజు తీసేసి ఆ చోట ఇట్ పెట్టి చూడు. ‘ఐ యామ్ గ్లాడ్ ఆఫ్ ఇట్.’ ‘ఐ యామ్ ష్యూర్ ఆఫ్ ఇట్.’ ‘ఐ యామ్ అవేర్ ఆఫ్ ఇట్.’ నామవాచకం చోటే అది. కాకపోతే దట్ ముందర ప్రిపొజిషన్ నిలవదు, జారిపోతుంది. కాబట్టి నౌన్ క్లాజు అనడమే దగ్గర. 2002లో వచ్చిన హడిల్‌స్టన్, పుల్లమ్‌ల పెద్ద వ్యాకరణం ఆ పేరు కూడా వదిలేసి, విశేషణానికి పూరకంగా వచ్చిన కంటెంట్ క్లాజు అంటుంది. చాలా పుస్తకాల్లో ‘అడ్జెక్టివ్ కాంప్లిమెంట్’ అని ఉంటుంది. బిట్లో ఆ ఆప్షన్ కనపడితే కళ్ళు మూసుకొని పెట్టేయ్.

హంద్రీ_ఒడ్డు · 7:55

బికాజ్‌తో రాస్తే? ‘ఐ యామ్ గ్లాడ్ బికాజ్ యూ కేమ్.’

గుత్తికోట_మెట్లు · 8:02

అది నిజంగానే అడ్వర్బ్ క్లాజు, వాక్యమూ తప్పు కాదు. కానీ సహజంగా అట్ల అనరు. ‘-ందుకు’ కనపడగానే పిల్లలు బికాజ్ వేసేస్తారు. గ్లాడ్, హ్యాపీ, సారీ, ప్రౌడ్, సర్‌ప్రైజ్డ్ వెనక ‘-ందుకు’ వస్తే దట్ అని అలవాటు చేయించాలి.

దేవుని_కడప · 8:30

ప్రిపొజిషన్ జారిపోతుందన్నారు కదా, అక్కడ ఒక మెలిక ఉంది. దట్ ముందరే జారుతుంది. విచ్, వాట్, హూజ్ ముందర ఉండొచ్చు. ‘ఐ యామ్ అవేర్ ఆఫ్ దట్ హి లెఫ్ట్’ తప్పు, ఆఫ్ తీసేయాలి. ‘ఐ యామ్ అవేర్ ఆఫ్ వాట్ హి డిడ్’ ఒప్పు, ఆఫ్ ఉండాల్సిందే. ష్యూర్ దగ్గర ఇష్టం: ‘నాట్ ష్యూర్ విచ్ ప్లాట్‌ఫామ్’, ‘నాట్ ష్యూర్ ఎబౌట్ విచ్ ప్లాట్‌ఫామ్’ రెండూ నడుస్తాయి, మొదటిదే ఎక్కువ వినపడుతుంది.

చూశారా, ‘నాట్ ష్యూర్ విచ్ ప్లాట్‌ఫామ్ ఇట్ కమ్స్ టు’లో రెండు రకాల విశేషణాలూ పక్కపక్కనే ఉన్నాయి. ష్యూర్ క్లాజును అడిగేది, విచ్ తెచ్చేది. గీత రెండింటికీ మధ్య. బురుజు సార్ ప్రశ్నకు ఇదొక్క వాక్యం చాలు.

ఇంకొకటి. ష్యూర్‌కు నాట్ తగిలితే ఎక్కువగా దట్ పోయి వెదర్ వస్తుంది. ‘వస్తాడని ఖాయం’లో ‘అని’, దానికి దట్. ‘వస్తాడో రాడో’లో రెండు ఓలు, దానికి వెదర్. డౌట్‌ఫుల్‌కూ ఎక్కువగా వెదరే. ‘ఐ యామ్ డౌట్’ అనేది ఏ రకంగానూ కుదరదు, డౌట్ విశేషణం కాదు.

పెన్నా_గట్టు · 9:15

ఏ విశేషణం ఏమి అడుగుతుందో ఒక్కొక్కటీ నేర్చుకోవాల్సిందే, అడ్డదారి లేదు. ఎక్కువ మార్కులు పోయేవి మాత్రం చెప్తా.

ష్యూర్. ‘హి ఈజ్ ష్యూర్ దట్ హి విల్ పాస్’ అంటే నమ్మకం వాడిది. ‘హి ఈజ్ ష్యూర్ టు పాస్’ అంటే నమ్మకం మాట్లాడేవాడిది, వాడికి ఆ సంగతే తెలియకపోవచ్చు. ‘వాడు పాసవుతానని ధీమాగా ఉన్నాడు’, ‘వాడు తప్పకుండా పాసవుతాడు’. తెలుగులో పెడితే తేడా కళ్ళకు కడుతుంది. సర్టెన్‌దీ ఇదే నడక. కానీ ఇట్‌తో మొదలుపెడితే సర్టెన్ ఒక్కటే పనికొస్తుంది: ‘ఇట్ ఈజ్ సర్టెన్ దట్’. ‘ఇట్ ఈజ్ ష్యూర్ దట్’ అనరు.

లైక్లీ, పాసిబుల్. ‘ఇట్ ఈజ్ లైక్లీ దట్ ఇట్ విల్ రెయిన్’, ‘ఇట్ ఈజ్ లైక్లీ టు రెయిన్’ రెండూ ఒప్పు. పాసిబుల్, ప్రాబబుల్‌లకు ఆ రెండో దారి లేదు. ‘హి ఈజ్ పాసిబుల్ టు కమ్’ తప్పు. ‘వాడికి రావడం వీలవుతుంది’ అని చెప్పాలంటే ‘ఇట్ ఈజ్ పాసిబుల్ ఫర్ హిమ్ టు కమ్’. వస్తే రావొచ్చు అనడానికి ‘ఇట్ ఈజ్ పాసిబుల్ దట్ హి విల్ కమ్’.

ఎసెన్షియల్, నెసెసరీ, ఇంపార్టెంట్, వైటల్. ఇవి ‘ఉండాలి, చేయాలి’ అనే మాటలు. వీటి వెనక దట్ క్లాజులో క్రియ ముడిగా ఉంటుంది: ‘ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్ ఎవ్రీ క్యాండిడేట్ బి ప్రెజెంట్’. ఈజ్ కాదు, బి. ‘షుడ్ బి’ అని రాసినా ఒప్పే, బ్రిటిష్ వాడుకలో అదే ఎక్కువ. పాత సంగతి చెప్పినా బి మారదు: ‘ఇట్ వాజ్ ఎసెన్షియల్ దట్ హి బి ప్రెజెంట్’.

వర్త్, బిజీ. వీటికి దట్ రాదు, టు రాదు, ఐఎన్‌జీ రూపమే. ‘వర్త్ రీడింగ్’, ‘బిజీ ప్యాకింగ్’. ‘వర్త్ టు రీడ్’ అనే తప్పు మన దగ్గర బాగా పాతుకుపోయింది.

అఫ్రెయిడ్. ‘అఫ్రెయిడ్ టు జంప్’ అంటే భయంతో దూకడు. ‘అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్’ అంటే పడిపోతానేమోనని భయం, పడటం వాడి చేతిలో లేదు. ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ద షాప్ ఈజ్ క్లోజ్డ్’లో భయమే లేదు. అది మర్యాద: అంగడి కట్టేసినారండీ, ఏమనుకోవద్దు.

టవర్‌క్లాక్ · 9:40

ఈజీ, ఈగర్ వదిలేశారు. 1960లలో చామ్‌స్కీ పుణ్యమా అని ప్రతి భాషాశాస్త్రం క్లాసులోనూ ఆ జంటే. ‘జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్’: మెప్పించేది జాన్. ‘జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్’: మెప్పు పొందేది జాన్. పైకి వరస ఒకటే, లోపల కర్తా కర్మా తారుమారు. పరీక్షకు కావాల్సింది ఏమంటే, ఈజీ రకంలో క్రియ తర్వాత మళ్ళీ కర్మ పెట్టకూడదు. ‘దిస్ సమ్ ఈజ్ ఈజీ టు డూ ఇట్’లో ఇట్ దండగ.

గుత్తికోట_మెట్లు · 10:05

అసలు సిసలు విశేషణం, అంటే హాట్, టైర్డ్ లాంటివి, ఉపవాక్యంలో మొట్టమొదటి మాటగా నిలబడేది ఒక్కచోటే. ‘టైర్డ్ యాజ్ హి వాజ్, హి వాక్డ్ టు ద ఫోర్ట్.’ ‘హాట్ దో ఇట్ వాజ్, దే వర్క్డ్.’ ఎంత అలసిపోయినా, ఎంత ఎండగా ఉన్నా. ఇక్కడ కూడా కలిపేది యాజ్, దోలే, కానీ విశేషణం వాటిని దాటుకొని ముందుకొచ్చింది. వరస: విశేషణం, యాజ్ లేదా దో, కర్త, క్రియ, కామా. ఆల్దో ఈ పని చేయదు: ‘హాట్ ఆల్దో ఇట్ వాజ్’ అనకూడదు. కామా తర్వాత బట్ పెట్టకూడదు. మనకు ‘అయినా కూడా’ అనే అలవాటుంది కదా, ఆ ‘కూడా’ పోయి బట్‌గా తేలుతుంది. అమెరికా వాళ్ళు ‘యాజ్ టైర్డ్ యాజ్ హి వాజ్’ అని ఇంకో యాజ్ ముందు పెడతారు.

బురుజు_నీడ · 10:30

వీటిని దిద్ది పెట్టండి, బోర్డు మీద రాస్తా. ‘ఆస్క్ హిమ్ విచ్ మీడియం డిడ్ హి స్టడీ.’ ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ దట్ టు జాయిన్.’ ‘సీ హౌ ఇట్ ఈజ్ బిగ్.’ ‘ద బాయ్ హూజ్ హిజ్ ఫాదర్ ఈజ్ ఎ డ్రైవర్.’ ‘ఐ యామ్ సో గ్లాడ్ దట్ యూ కేమ్.’

దేవుని_కడప · 10:48

‘విచ్ మీడియం హి స్టడీడ్ ఇన్’, చివర ఇన్ మరచిపోవద్దు. ‘ఇంట్రెస్టెడ్ ఇన్ జాయినింగ్’. ‘హౌ బిగ్ ఇట్ ఈజ్’. ‘హూజ్ ఫాదర్’, హిజ్ తీసేయండి. ఐదోది తప్పు కాదు, అట్లే ఉంచండి.

హంద్రీ_ఒడ్డు · 10:55

ఐదోదాంట్లో సో ఉంది కదా మేడమ్. సో…దట్ అంటే ఫలితం. ‘ఎంత సంతోషమంటే నువ్వు వచ్చేశావు’ అని రాదా?

దేవుని_కడప · 11:03

సో తీసేసి చదవండి. ‘ఐ యామ్ గ్లాడ్ దట్ యూ కేమ్.’ అర్థం మారలేదు, కాబట్టి ఆ దట్‌ను పిలిచింది గ్లాడ్, సో ఉత్త నొక్కి చెప్పడానికే. ఇప్పుడు ‘ఐ వాజ్ సో గ్లాడ్ దట్ ఐ క్రైడ్’లో సో తీసేయండి.

హంద్రీ_ఒడ్డు · 11:06

‘ఏడ్చినందుకు సంతోషపడ్డా’ అయిపోయింది. అయితే ఇక్కడ దట్ ‘సో’ది.